రంగుకి 500 బ్రాలా, ఇంట్లో పన్నెండా?

ప్రశ్న: అక్కా, పదేళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. ఇంట్లో మూడు మిషన్లున్నాయి. ఇప్పుడు బ్రాలు మొదలుపెడదామని ఉంది. తిరుప్పూర్‌లో ఒక ఫ్యాక్టరీవాళ్లు రంగుకి 500 చొప్పున తీసుకుంటే నా లేబుల్‌తో కుట్టిస్తామన్నారు. మా ఆయన అదే చవక అంటున్నారు. వాళ్లకి ఇవ్వనా, నేనే కుట్టనా? ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఒక్కో ముక్క ధర చూస్తే మీ ఆయన మాటే నిజమమ్మా. అచ్యుతాపురంలో ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీ లైన్లో ఏడేళ్లు చేశాను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకమ్మాయి హుక్ టేప్ ఒక్కటే వేస్తుంది, పక్కమ్మాయి కప్పు అంచుకి ఎలాస్టిక్ ఒక్కటే. ఆ వేగంతో మీరూ నేనూ పోటీ పడలేం.

మరి సైజుల లెక్క వేశారా? రెడీమేడ్ బ్లౌజుకి 34, 36, 38 అంటే సరిపోతుంది. బ్రాకి చుట్టుకొలత వేరు, కప్పు వేరు. 32 నుంచి 40 దాకా ఐదు, బి, సి, డి కప్పులు మూడు, మొత్తం పదిహేను. 500 పంచితే సైజుకి 33. అందులో 34బి, 36బి ముందే అయిపోతాయి, 32డి పెట్టెలో కూర్చుంటుంది. మూడు రంగులంటే 1500 ముక్కల డబ్బు ఒక్కసారే పెట్టాలి.

మీకు చోటున్నది ఇక్కడే. షాపులో 34సి లేకపోతే 36బి చేతిలో పెడతారు. కప్పు ఇంచుమించు అంతే, ఒంటి చుట్టూ ఉండే పట్టీ మాత్రం వదులై వీపు మీదికి ఎక్కుతుంది. బరువు మోసేది ఆ పట్టీయే, భుజాల మీది స్ట్రాప్స్ కాదు. (అడగడానికి సిగ్గుపడి ఇచ్చిందే తెచ్చుకునేవాళ్లం. పెళ్లయ్యేదాకా నా సైజేమిటో నాకే తెలీదు.) 40డి వాళ్లకీ, పాలిచ్చే తల్లులకీ కొలత తీసుకుని కుట్టండి, కాస్త ఎక్కువైనా ఇస్తారు.

అలాగని బ్లౌజు అలవాటుతో దూకకండి. గాజువాకలో సొంతంగా మొదలుపెట్టినప్పుడు, సాగే బట్ట తాను విప్పి వెంటనే కత్తిరించేశాను. తానులో బిగించి చుట్టిన బట్ట కదా, కత్తిరించాక ముడుచుకుంది. 36 అని కుట్టినవి ఒక సైజు చిన్నవయ్యాయి, ఇరవై రెండు ముక్కలు. ఫ్యాక్టరీలో బట్ట విప్పి ఒక రోజంతా అలా వదిలేసేవాళ్లు. ఏడేళ్లు కళ్లారా చూసి కూడా ఎందుకని అడగలేదు. రంగూ అంతే. నలుపు లేసు, నలుపు ఎలాస్టిక్ ట్యూబ్‌లైటు కింద కలిశాయి, ఎండలో చూస్తే ఎలాస్టిక్ ఎర్రగా తేలింది.

మీ మూడు మిషన్లూ నేరు కుట్టువే అయ్యుంటాయి. ఎలాస్టిక్ సాగదీస్తే ఆ కుట్టు పుటుక్కున తెగుతుంది. ఒక జిగ్‌జాగ్ మిషను కొనండి, మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూదులు వాడండి. అచ్చులో వేడిచేసి ఒత్తే కప్పుల జోలికి వెళ్లొద్దు, ప్రతి కప్పు సైజుకీ వేరే అచ్చు కావాలి. ముక్కలు కలిపి కుట్టే కప్పు చాలు, కటోరీ బ్లౌజు కుట్టిన చెయ్యి దానికి పనికొస్తుంది.

తిరుప్పూర్‌వాళ్లకి ఇప్పుడే అడ్వాన్సు కట్టకండి. ముందు నలుపు, స్కిన్ కలర్‌లో పన్నెండు కుట్టి తెలిసిన ఆడవాళ్లకివ్వండి. ఇరవై ఉతుకుల తర్వాత తెచ్చి చూపించమనండి. ఏ సైజు మళ్లీ మళ్లీ అడుగుతున్నారో తెలిశాక, ఆ 500 ఒకటి రెండు సైజుల్లోనే కుట్టమని ఫ్యాక్టరీని అడగొచ్చు. హుక్ టేప్ మాత్రం రెడీమేడ్‌దే కొనండి. అది కూడా నేనే చేద్దామని కూర్చుని రెండు రోజులు పాడుచేసుకున్నాను.