నాలుగో తరగతికి ప్లాసీ యుద్ధం చెబితే ఆవలింతలే

ప్రశ్న: మాది చెన్నై, ఇంట్లో తెలుగే. ఈ ఏడాదే బీఏ హిస్టరీ పూర్తయింది. ప్రైమరీ టీచర్ కావాలని ఉంది. ఒక స్కూల్లో నాలుగో తరగతికి డెమో క్లాసు ఇమ్మంటే ప్లాసీ యుద్ధం చెప్పాను. పిల్లలు ఆవలించారు, నాకు చెమటలు పట్టాయి. అంత చిన్నవాళ్లకు హిస్టరీ ఎందుకు, బీఈడీ చేసి పెద్ద క్లాసులకు వెళ్లమంటున్నారు నాన్న. ఏం చేయను?

జవాబు: ముందు కోర్సు సంగతి చూద్దామమ్మా. ఒకటి నుంచి ఐదు తరగతులకు పాఠం చెప్పడానికి బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ పిల్లలే కావాలంటే ప్రైమరీ టీచర్ల కోసం ఉన్న రెండేళ్ల డిప్లొమా డీఎల్ఈడీ చేసి, టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో పేపర్-1 రాయాలి. బీఈడీ వాళ్లది పేపర్-2, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు. నాన్నగారు చెప్పిన దారిలో తప్పేం లేదు, కాకపోతే అది మీరు వెళ్లాలనుకుంటున్న ఊరి బస్సు కాదు.

ఇంకో మాట. ప్రైమరీలో 'హిస్టరీ టీచర్' అనే పోస్టు వెతక్కండి. సాధారణంగా ఒక్కరే అన్నీ చెప్పాలి. తమిళనాడు స్టేట్ బోర్డులో మూడో తరగతి నుంచి సోషల్ ఉంటుంది. సీబీఎస్ఈలో ఐదు దాకా చరిత్రకు వేరే పుస్తకమే ఉండదు. కేంద్రం టెట్ అయిన సీటెట్ పేపర్-1లో 150 మార్కులకు ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) 30, లెక్కలు 30. మీ బీఏ హిస్టరీ అక్కడ పెద్దగా ఆదుకోదు, లెక్కలు ఇప్పుడే మొదలుపెట్టండి.

ఇక ఆవలింతల సంగతి. తొమ్మిదేళ్ల పిల్లకు ప్లాసీ యుద్ధం జరిగిన 1757 అంటే ఒక అంకె, అంతే. తాతయ్య చిన్నతనం, రాజుల కాలం, డైనోసార్లు... అన్నీ 'అప్పుడెప్పుడో' అనే ఒకే సంచిలో ఉంటాయి. ఆ సంచిని విప్పి వరసగా పేర్చడమే ప్రైమరీలో చరిత్ర. దాంతోపాటు 'అది నీకెలా తెలుసు?' అని అడగడం అలవాటు చేయాలి. నాన్నగారి 'ఎందుకు'కి నా జవాబు ఇదే. ఫోన్లో వచ్చిన ప్రతి మెసేజీ నమ్మేసే పెద్దవాళ్లని చూస్తున్నాం కదా, ఆ ప్రశ్న చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు మరి!

ఈసారి డెమోకి మీ ఇంట్లో పేరు కొట్టించిన స్టీలు గిన్నె ఒకటి పట్టుకెళ్లండి. అంచు మీద ఎవరిదో పేరు, ఊరు, పెళ్లి తేదీ ఉంటాయే, అలాంటిది. చేతులు మారుతూ క్లాసంతా తిరగనివ్వండి. ఎవరిచ్చారు? ఎవరికి? తేదీ ఎందుకు వేయించారు? 'గిన్నె ఆ రోజే తయారైంది' అని ఒకడు తప్పకుండా అంటాడు. తప్పు అనకండి, 'ఎలా తెలుసు?' అనండి. పక్కవాడే సర్దుతాడు, అది ఇచ్చిన రోజే గానీ చేసిన రోజు కాదని. ఆధారం ఎంతవరకు చెబుతుందో వాళ్లకు అక్కడే తెలిసిపోతుంది. తర్వాత గోడకు ఒక దండెం కట్టి, బట్టల క్లిప్పులతో కాగితాలు తగిలించండి: నేను పుట్టింది, అమ్మ పుట్టింది, గిన్నె ఇచ్చింది, మన స్కూలు కట్టింది. రాజులు ఆ తాడు మీద ఎంత దూరంలో ఉంటారో అప్పుడు వాళ్లే అడుగుతారు.

ఐదో తరగతికైతే ఊరి పేరే చాలు. 1639లో ఈస్టిండియా కంపెనీ వాళ్లకు ఇక్కడ కోట కట్టుకోవడానికి చోటిచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరే ఊరికి వచ్చిందంటారు, కాదు చెన్నకేశవుడి పేరని ఇంకో మాట. రెండూ బోర్డు మీద రాసి, ఏది తేల్చాలన్నా ఏం చూడాలో పిల్లల్నే చెప్పమనండి. వీలైతే ఎగ్మోర్ మ్యూజియానికి తీసుకెళ్లి, కృష్ణ ఒడ్డున ఉండాల్సిన అమరావతి శిల్పాలు ఇక్కడెందుకున్నాయని అడగండి. మన తెలుగు పిల్లలు ఆ రోజు ఇంటికొచ్చి ఊరుకోరు.

గిన్నె మాత్రం అమ్మనడిగి తీసుకెళ్లండి. పుట్టింటి వాళ్ల పేరున్నదైతే అసలు వద్దు, తిరిగి రాకపోతే మీకు ఇంట్లో వేరే డెమో ఉంటుంది.