అల్లుడూ, ఫార్మాట్ మాట కాసేపు పక్కన పెట్టు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పినదాంట్లో సగమే వినబడింది, మిగతా సగం మీ హాస్టల్ ఫ్యాను మింగేసింది. నాకు అర్థమైంది ఇదీ: పొద్దున ల్యాప్‌టాప్ ఆన్ చేసేసరికి వైఫై గుర్తు మాయం, బ్లూటూత్ ఆప్షన్ కూడా లేదు. మీ రూమ్మేట్ ఫార్మాట్ కొట్టేద్దాం అన్నాడు. కాలేజీ ఎదురు షాపతను మదర్‌బోర్డు పోయినట్టుంది, వదిలేసి వెళ్ళమన్నాడు. ఆ రెండు పనులూ ఇప్పుడే చెయ్యకు. ఇరవై ఏళ్ళు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నవాణ్ణి, నా మాట విను.

ముందు నా బండారం ఒకటి బయటపెడతాను. 2020లో, ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో, ఒక టీచరమ్మ కెమెరా రావట్లేదని ల్యాప్‌టాప్ తెచ్చారు. డివైస్ మేనేజర్‌లో, అంటే లోపలి పరికరాల జాబితా చూపించే విండోస్ పేజీలో, కెమెరా అనే వరసే లేదు. డ్రైవర్లు, అంటే పరికరాన్ని విండోస్‌కి పరిచయం చేసే చిన్న ప్రోగ్రాములు, తీశాను, మళ్ళీ వేశాను, చివరికి ఆవిడ డేటా కాపీ చేసి విండోస్ కొత్తగా కొట్టాను. సాయంత్రమంతా దానికే సరిపోయింది. అయినా కెమెరా రాలేదు. టీ తెచ్చిన మా కుర్రాడు ల్యాప్‌టాప్ కుడి పక్క చూసి, "అన్నా, ఈ బుల్లి స్విచ్ ఏంటి?" అన్నాడు. బియ్యపు గింజంత స్విచ్. అది పక్కకి జరిపి ఉంటే కెమెరాకి కనెక్షనే తెగిపోతుంది, ఇక విండోస్ దృష్టిలో అక్కడ కెమెరా లేనే లేదు. ఆవిడ దగ్గర డబ్బులు తీసుకోలేకపోయాను. అప్పటినుంచి ఎవరు ఏ ల్యాప్‌టాప్ తెచ్చినా ముందు చుట్టూ తిప్పి చూస్తాను. నువ్వూ చూడు. విమానం బొమ్మ ఉన్న కీ ఒకటి ఉంటుంది, అది ఉత్తగా ఒకసారి, ఎఫ్ఎన్ కీ పట్టుకుని ఒకసారి నొక్కి చూడు.

అది కాకపోతే, నువ్వు తేల్చుకోవాల్సింది ఒక్కటే. వైఫై కార్డు కనబడనిది విండోస్‌కా, అసలు మిషన్‌కేనా? విండోస్‌కి మాత్రమే అయితే పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు. మిషన్‌కే కనబడకపోతే ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అది రాదు. చాలామంది ఈ తేడా చూడకుండానే డేటా పోగొట్టుకుంటారు.

విండోస్ కీ పట్టుకుని ఎక్స్ నొక్కితే వచ్చే లిస్టులో డివైస్ మేనేజర్ ఉంటుంది. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్, ఉంటే 'అదర్ డివైసెస్' కూడా తెరువు. కార్డు పేరు పక్కన పసుపు రంగు హెచ్చరిక గుర్తో, కిందికి చూపే బాణమో ఉందంటే సంతోషించు, కార్డు మిషన్‌కి కనబడుతోంది. దాని మీద రెండుసార్లు నొక్కితే ఒక కోడ్ చూపిస్తుంది. 28 అంటే డ్రైవర్ లేదని. 22 అంటే ఎవరో డిసేబుల్ చేశారని. 10, 43 మాత్రం కొంచెం మొండివి, అటు డ్రైవరూ కావచ్చు, ఇటు కార్డూ కావచ్చు. అసలు పేరే లేకపోతే, పైన వ్యూ మెనూలో దాగిన పరికరాలు చూపించే ఆప్షన్ నొక్కు. అప్పుడు వెలిసిపోయినట్టు లేత రంగులో పేరు కనబడి, కోడ్ 45 అంటే, ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు తగులుకుని లేదు అని అర్థం. నీది ఇదే అయ్యుంటుందని నా అనుమానం. ఎందుకంటే వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి, కానీ మామూలుగా వైఫై పీసీఐ అనే బోర్డు లోపలి దారిలోనూ బ్లూటూత్ యూఎస్‌బీ దారిలోనూ పోతాయి. ఒక డ్రైవర్ చెడితే ఒకటే పోవాలి. రెండూ ఒకేసారి పోయాయంటే కార్డు మీదకే చూపు పోతుంది.

ఇప్పుడు ఒక చిట్కా. దీన్ని నమ్మనివాళ్ళు నవ్వుతారు, పనిచేశాక నోరు మూసుకుంటారు. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అనేది పూర్తి షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ అని, లోపలి సరుకు కొంత దాచుకుని, మర్నాడు అదే మళ్ళీ లేపుతుంది. నిన్నటి గందరగోళం కూడా దాంతోపాటే లేస్తుంది. అందుకే షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కు, అప్పుడు నిజంగా ఆగుతుంది. తర్వాత ఛార్జర్ పీకేసి, పెన్‌డ్రైవ్, మౌస్ లాంటివన్నీ తీసేసి, పవర్ బటన్ ముప్పై, నలభై సెకన్లు వదలకుండా నొక్కి ఉంచు. బ్యాటరీ బయటికి వచ్చే పాత మోడల్ అయితే దాన్నీ తీసి ఈ పని చెయ్యాలి. కొన్ని మోడళ్ళకి కింద సూది దూరేంత రీసెట్ రంధ్రం ఉంటుంది. బోర్డు మీద కరెంటు వ్యవహారం చూసుకునే చిన్న కంట్రోలర్ ఒకటి ఉంటుందిరా, అది అప్పుడప్పుడూ బిగుసుకుపోతుంది. ఇలా చేస్తే దాని బిగుతు వదులుతుంది. నా దగ్గరికి 'బోర్డు పోయింది' అని వచ్చినవాటిలో కొన్ని ఇంతటితోనే లేచి కూర్చున్నాయి.

దానికీ లేవకపోతే బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు లేచే మిషన్ సెట్టింగ్స్‌లోకి, వెళ్ళాలి. వెళ్ళేముందు ఒక పని మర్చిపోకు. నీ ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్, అంటే డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు, ఆన్ అయ్యి ఉండొచ్చు, నీకు తెలియకుండానే. బయాస్‌లో ఏదైనా మారిస్తే తర్వాత ఆన్ చేసినప్పుడు నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మామూలుగా నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది. ముందే ఫోన్‌లో లాగిన్ అయ్యి, చూసి, కాగితం మీద రాసుకో. తర్వాత ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ వెంటవెంటనే ఎఫ్2 నొక్కు. డెల్, ఏసర్, ఏసుస్‌లకి అదే, హెచ్‌పీకి ఎఫ్10. లోపల వైర్‌లెస్ అనే మాట వెతుకు. ఎక్కడైనా డిసేబుల్ అని ఉంటే ఎనేబుల్ చెయ్యి. మిగతావి ముట్టుకోకు, ముఖ్యంగా స్టోరేజ్ దగ్గర ఏహెచ్‌సీఐ లాంటి మాటలుండొచ్చు, వాటిని మార్చావంటే విండోసే లేవకపోవచ్చు.

మిషన్‌కి కార్డు కనబడుతోందా లేదా అనేదానికి తిరుగులేని సాక్ష్యం ఉబుంటు పెన్‌డ్రైవ్. ఉబుంటు అంటే విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. మీ క్లాసులో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా 'ట్రై ఉబుంటు' తీసుకో. అక్కడ వైఫై వచ్చి చుట్టుపక్కల నెట్‌వర్కులు కనబడ్డాయా, తప్పు విండోస్‌ది. రాకపోతే టెర్మినల్ అనే, కమాండ్లు టైప్ చేసే కిటికీ తెరిచి ఎల్, ఎస్, పి, సి, ఐ అని చిన్న అక్షరాల్లో కలిపి కొట్టు. ఆ లిస్టులోనూ నెట్‌వర్క్ కార్డు పేరు లేకపోతే ఇక సాఫ్ట్‌వేర్ మీద టైమ్ తగలేయకు.

విండోస్ తప్పే అయితే డ్రైవర్ దించుకోవాలి. నెట్ లేకుండా ఎలా అని అడుగుతావు. ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి, నెట్ వస్తుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్లోంచే, నీ మోడల్ నంబర్ కొట్టి, ముందు చిప్‌సెట్, అంటే మదర్‌బోర్డు, డ్రైవర్, తర్వాత వైఫైది, ఆ తర్వాత బ్లూటూత్‌ది. ఒక్క నొక్కుతో అన్ని డ్రైవర్లూ వేస్తామనే ప్రోగ్రాముల జోలికి పోకు. వాటివల్ల పాడైనవే బాగు చేసి కొన్నాళ్ళు నేను బతికాను.

మిషన్‌కే కనబడకపోతే మూత విప్పాలి. వారంటీ ఉంటే విప్పకు, వాళ్ళకే ఇవ్వు. లేకపోతే మంచం మీద కాదు, బల్ల మీద పెట్టి విప్పు. అన్నింటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకు. వైఫై కార్డు బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది, ఒకే స్క్రూ, దాని మీద బొత్తాముల్లా నొక్కుకునే రెండు సన్నటి తీగలు, చాలావాటిలో ఒకటి నలుపు, ఒకటి తెలుపు. ఏది ఎక్కడుందో ముందు ఫోటో తీసుకో. తీగల్ని పట్టుకుని లాగకు, బొత్తాం కింద గోరు పెట్టి నిలువుగా పైకి లేపు. కార్డు తీసి, బంగారు రంగు అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, ఆరాక మళ్ళీ పూర్తిగా లోపలికి తోసి బిగించు. బొత్తాములు పెట్టేటప్పుడు 'టిక్' మని వినబడాలి. బ్యాగులో కుదుపులకి కార్డు వెంట్రుకవాసి జరిగినా చాలు, ఇదంతా జరుగుతుంది.

అయినా రాకపోతే వేరే కార్డు వెయ్యాలి. కొనేటప్పుడు చూసుకో: ఇంటెల్ ఏఎక్స్201 లాంటివి ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కొన్ని మోడళ్ళలోనే పనిచేస్తాయి, నీ ఏఎమ్‌డీలో చెయ్యవు. ఏఎక్స్210 అయితే మామూలు పీసీఐ కార్డు. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో కార్డు బోర్డుకే అతికించి ఉంటుంది, అప్పుడు చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కుని ఊరుకో. దానికోసం బోర్డు మార్పించడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

విప్పినప్పుడు బ్యాటరీని కూడా ఒకసారి చూడు. అప్పడంలా ఉబ్బి ఉంటే ఇంక ఆ పని అక్కడితో ఆపు. గుచ్చకు, వంచకు, ఛార్జింగ్ పెట్టకు, నాకు ఫోన్ చెయ్యి. మీ అక్క ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పనిచెయ్యట్లేదని తెచ్చినప్పుడు సంగతి అదే, కిందనుంచి బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి తోసేసింది.

శనివారం నాకు షాపు పని లేదు. డివైస్ మేనేజర్ ఫోటో, బయాస్ ఫోటో రెండూ పంపించి ఫోన్ చెయ్యి, మూత విప్పడం అప్పుడు వీడియో కాల్‌లో చూద్దాం. స్క్రూలు వేసుకోవడానికి మెస్‌లోంచి ఒక స్టీలు గిన్నె తెచ్చి పెట్టుకో, అన్నీ ఒకే పొడవు ఉండకపోవచ్చు, కలపకు.

మీ
మామయ్య