జప్తు అయిన కంపెనీ వెంచర్‌లో ప్లాటు కొన్నాం, అది పోయినట్టేనా?

కంపెనీ ఎత్తేసింది, ఆస్తులు జప్తు చేశారు, మేం కొన్న ప్లాటు సంగతేంటి అని అడిగారు. మీ దగ్గరున్నది రిజిస్టరైన దస్తావేజా, కంపెనీ ముద్ర వేసి ఇచ్చిన అలాట్‌మెంట్ లెటరా అన్నది రాయలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

మా ఇంట్లో రెండూ ఉన్నాయి. రాజాం దగ్గర ఒకే వెంచర్‌లో మావయ్యకి రిజిస్టరైన ప్లాటు, పిన్నికి వాయిదాల రసీదులు, ఒక లెటరు. కంపెనీ పేరు వద్దులెండి. అందులో చేర్పించిన ఏజెంటు మా చుట్టమే, పెళ్లిళ్లలో కనబడితే ఇప్పటికీ పక్కకి తప్పుకుంటాడు.

ఇలాంటి కేసుల్లో రాష్ట్ర ప్రభుత్వం 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద జప్తు చేస్తుంది. ఈడీ కూడా దిగితే మనీలాండరింగ్ చట్టం కింద ఇంకో జప్తు. అది మొదట 180 రోజులకే, ఆ చట్టం కింద విచారించే అడ్జుడికేటింగ్ అథారిటీ ఖరారు చేస్తేనే కొనసాగుతుంది. ఇదంతా ఎవరికీ శిక్ష పడకముందే జరుగుతుంది. జప్తు అయితే ఆస్తి సర్కారుది అయిపోదు, అమ్మకాలు ఆగుతాయంతే. కాకపోతే మా వెంచర్‌లో సర్వే నంబర్లు గంపగుత్తగా రాసేశారు, వాటిలో మావయ్య సెంట్లూ కలిసిపోయాయి. కూతురి పెళ్లికని అమ్మబోతే, 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చెప్పారు.

కోర్టులో పిటిషన్ వేశాడు. దస్తావేజు తేదీ జప్తు జీవో కంటే ముందుది, డబ్బు చెక్కుతో కట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది. ఆ రెండే కాపాడాయి. కోర్టు విడిచిపెట్టినా, జాబితాలోంచి నంబరు తీయించడమే అసలు టెన్షన్. 2022లో రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది, ఫైలేమో శ్రీకాకుళంలో ఉండిపోయింది. ఇక్కడ కాదంటే ఇక్కడ కాదని రెండు కలెక్టరేట్ల మధ్యా తిప్పారు.

పిన్నిది వేరే కథ. లెటర్లో ప్లాటు అని ఉన్నా, చట్టం లెక్కలో ఆవిడ డిపాజిటరే, ప్లాటు ఓనరు కాదు. పీఏసీఎల్ అనే కంపెనీ కూడా భూమి పేరు చెప్పే వసూలు చేసింది. 2014లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అది సామూహిక పెట్టుబడి పథకమని తేల్చి, 49,100 కోట్లు వెనక్కి ఇమ్మంది. ఆ భూములు అమ్మి పంచే పని 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో మాజీ ప్రధాన న్యాయమూర్తి లోధా కమిటీకి వెళ్లింది. మనవైపు చాలామంది అగ్రిగోల్డ్ డబ్బు భూములమ్మి ఇచ్చారనుకుంటారు. కాదు. 2019 నవంబరులో 10,000 లోపు కట్టినవాళ్లకి, 2021 ఆగస్టులో 20,000 లోపు వాళ్లకి ఇచ్చింది రాష్ట్ర ఖజానా నుంచి. వేలం డబ్బు కోసం కూర్చుంటే ఏళ్లు పడుతుంది.

అందుకే మీది లెటరే అయితే ఒరిజినల్ రసీదులు ఎవరి చేతికీ ఇవ్వకండి. సగం ధరకి బాండ్లు కొంటామని తిరిగేవాళ్లకి అసలే వద్దు. రసీదులో పేరు, ఆధార్‌లో పేరు ఒకటేనా చూసుకోండి. పిన్ని పేరు రసీదుల్లో పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, దానికి అఫిడవిట్ అడిగారు.

దస్తావేజే ఉంటే ముందు జప్తు జీవో తేదీ కనుక్కోండి. తేదీలు రెండూ ఇక్కడ రాస్తే, మావయ్య పిటిషన్‌కి విజయనగరం లాయరు ఏ కాగితాలు జత చేశారో చెబుతాను.