గడీ గోడకు సిమెంటు పూయొచ్చా?

ప్రశ్న: హుజూరాబాద్ దగ్గర మా ఊళ్లో పాత గడీ (దొరల కోటలాంటి ఇల్లు) ఉంది. గోడల అడుగున పెచ్చులూడితే రెండేండ్ల కింద సిమెంటు పూయించాం. ఇప్పుడు తడి ఇంకా పైకెక్కింది, తెల్లగా ఉప్పు పొంగుతోంది. మళ్లీ పూయించాలా?

జవాబు: వద్దు, ఉన్న సిమెంటునే తీయించండి. గడీ గోడలు రాయి, ఇటుక, సున్నంతో మందంగా లేపినవి. పునాది మీద తడిని ఆపే పొర ఉండదు కాబట్టి నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూతలోని సన్నని రంధ్రాల గుండా అది ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ పైకి పాకి, ఆరిన చోటల్లా ఉప్పు గడ్డకట్టి, ఇటుక పైపొరను కూడా నెట్టేస్తుంది. మీ గోడకు జరిగింది ఇదే.

మిషన్ పెడితే ఇటుకలు పగులుతాయి, ఉలితో చేత్తోనే తీయించండి. తర్వాత ఒక ఎండాకాలమంతా గోడను అలాగే వదిలేయండి. మేస్త్రీలు తొందరపెడతారు, వినకండి. తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయాలి. నీళ్లతో కడిగితే తిరిగి లోపలికే పోతుంది. గోడ వెంట సీసీ గచ్చు ఉంటే తీసేసి, వాననీళ్లు దూరంగా పోయేలా వాలు ఇవ్వండి.

పూతకు కనీసం మూడు వారాలు నీళ్లలో నానిన సున్నం 1 వంతు, ఇటుక పొడి 1 వంతు, జల్లించిన ఇసుక 2 వంతులు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో డంగులో (సున్నం కలిపి నూరే గుంటలో) తొక్కించాలి. ఒక్కో పొర 10–12 మిల్లీమీటర్లు మించొద్దు. మందమైతే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి పగులుతుంది. వారం పది రోజులు తడి గోనెపట్టాలు వేలాడదీయండి. ముందు ఒక గజం మేర పూసి చూడండి. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట పరిరక్షణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. వీలైతే మీ మేస్త్రిని తీసుకెళ్లి చూపించండి.

ప్రశ్న: గడీలు వెట్టిచాకిరీకి గుర్తులు. వాటిని కాపాడడం ఎందుకు?

జవాబు: ఆ గుర్తు చెరిగిపోకూడదనే. 1946 జులై 4న కడవెండిలో, దొరల పెత్తనాన్ని ఎదిరించిన దొడ్డి కొమురయ్యను కాల్చి చంపింది విసునూరు దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) మనుషులే. బురుజులు, ఎత్తయిన ప్రహరీ, లోపలికి పోవడానికి ఒక్కటే పెద్ద దర్వాజ: ఆ పెత్తనం ఎలా నడిచిందో పిల్లలకు అక్కడ నిలబెట్టి చెప్పొచ్చు. మీ ఊళ్లో బోర్డు పెట్టిస్తే దొర పేరొక్కటే రాయకండి. రాళ్లు మోసినవాళ్లనూ, సున్నం తొక్కినవాళ్లనూ, దూలాలు చెక్కిన వడ్లవాళ్లనూ రాయించండి.