మా అమ్మాయి రోజంతా ఏం రుద్దుతోంది?

ప్రశ్న: మా అమ్మాయి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది, ఇది మూడో ఏడు. ఎప్పుడు ఫోన్ చేసినా "డిస్క్ పాలిష్ చేస్తున్నా నాన్నా" అంటుంది. కడ్డీ చివర చిన్న నల్ల బిళ్ల ఉంటుందట, దాన్ని ద్రావణంలో ముంచి గిరగిరా తిప్పుతారట. గ్రాఫ్ సరిగా రాలేదని ఒక్కోరోజు ఏడుస్తుంది. నేను ఇంటర్ వరకే చదివాను, బియ్యం వ్యాపారం. బిళ్ల తిప్పితే ఏం తెలుస్తుంది? దాన్ని రోజూ రుద్దడమేంటి?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నానండీ. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను రుద్దింది కూడా ఆ బిళ్లనే. దాని పేరు రొటేటింగ్ డిస్క్ ఎలక్ట్రోడ్. బిళ్ల 5 మిల్లీమీటర్లు ఉంటుంది, శనగబద్దంత. గాజులా మెరిసే కార్బన్‌తో చేస్తారు, చుట్టూ తెల్లటి టెఫ్లాన్ తొడుగు. దాని మీద మీ అమ్మాయి తను తయారుచేసిన నల్లపొడిని సిరాలా కలిపి ఒక్క చుక్క వేసి ఆరబెడుతుంది. ఆ పొడే ఉత్ప్రేరకం, ల్యాబులో క్యాటలిస్ట్ అంటారు.

ఆ పొడి దేనికంటే, హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ ఉంది కదా, అందులో హైడ్రోజన్ వైపు పని చకచకా జరిగిపోతుంది. ఆక్సిజన్ వైపే మొరాయిస్తుంది. దాన్ని కదిలించాలంటే ఇవాళ్టికీ ప్లాటినం కావాలి. ప్లాటినం ఖరీదు మీకు చెప్పనక్కర్లేదు. అందుకని తక్కువ ప్లాటినంతో, వీలైతే అసలు లేకుండా పని జరిపించే పొడుల కోసం ఎంతోమంది వెతుకుతున్నారు. మీ అమ్మాయి చేస్తున్నదీ అలాంటి పనేనని ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను.

ఇక తిప్పడం సంగతి. పెళ్లిలో బంతి భోజనం అనుకోండి. ఆకు ముందు కూర్చున్నాయన గబగబా తినగలడు. వడ్డించేవాడు మాత్రం పది నిమిషాలకోసారి వస్తున్నాడు. పక్కన కూర్చున్నాయన నిదానంగా తినేవాడు. దూరం నుంచి చూసేవాళ్లకు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, ఎందుకంటే ఇద్దరి ఆకులూ ఖాళీయే. వడ్డన వేగం తెలిస్తే తప్ప తినేవాడి సత్తా తెలియదు. బిళ్ల మీది పొడి తినేవాడు, ద్రావణంలో కరిగిన ఆక్సిజన్ వడ్డన. బిళ్లను కదలకుండా ఉంచితే దగ్గరున్న ఆక్సిజన్ కాసేపట్లో అయిపోతుంది, తర్వాతది ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో చెప్పలేం.

తిప్పితే ఆ వడ్డనకు లెక్క దొరుకుతుంది. ఇది కవ్వంతో మజ్జిగ చిలికినట్టు కాదండీ. బిళ్ల నున్నగా, నిటారుగా, వణకకుండా తిరిగితే ద్రావణం కింద నుంచి బిళ్ల వైపు నెమ్మదిగా లేచి, బిళ్లను తాకీ తాకగానే అన్ని పక్కలకూ సమంగా జారిపోతుంది. ఎక్కడా సుడులుండవు. బిళ్లను అంటుకుని పలచటి పొర ఒకటి మిగులుతుంది. ఆఖరి కాస్త దూరం ఆక్సిజన్ ఆ పొరను దాటుకుని రావాలి. నిమిషానికి 1600 చుట్లు తిప్పితే ఆ పొర మందం సుమారు 15 మైక్రాన్లు, వెంట్రుకలో నాలుగోవంతు కూడా ఉండదేమో. వేగం నాలుగింతలు చేస్తే పొర సగమవుతుంది, వడ్డన రెట్టింపవుతుంది. ఇంత కచ్చితంగా మన మాట వినే పొర ఎలక్ట్రోకెమిస్ట్రీలో ఇంకెక్కడా నాకు ఎదురుపడలేదు. రకరకాల వేగాల్లో కరెంటు కొలిచి, వడ్డన ఆలస్యం ఏమాత్రం లేకపోతే ఈ పొడి ఎంత తినగలదో లెక్కగట్టొచ్చు. ఆ సంఖ్య కోసమే మీ అమ్మాయి తంటాలన్నీ.

రుద్దడం ఎందుకో ఇప్పుడు చెబుతాను. బిళ్ల మీద గీత ఉన్నా, నిన్నటి పొడి మరక మిగిలినా ఈ లెక్క చెడిపోతుంది. మెత్తటి గుడ్డ అంటించిన పలక మీద అల్యూమినా పొడి, నాలుగు చుక్కల నీళ్లు వేసి, బిళ్లను నిటారుగా పట్టుకుని 8 అంకె దిద్దినట్టు తిప్పుతూ రుద్దాలి. ముందు 1 మైక్రాన్ పొడి, తర్వాత 0.3, ఆఖరున 0.05. గుండ్రంగా రుద్దితే ఒకవైపే అరుగుతుంది, అందుకే 8. కడిగి, ట్యూబ్‌లైట్ కింద వాల్చి చూస్తే లైటు గీత వంకర లేకుండా కనబడాలి. ఆ తర్వాత 10 మైక్రోలీటర్ల చుక్క. బల్ల మీద కాఫీ చుక్క ఎండితే అంచున ముదురు వలయం మిగలడం చూసే ఉంటారు. ఈ చుక్కా అదే చేస్తుంది. పొడంతా అంచుకు చేరి మధ్యలో బోసిపోతే ఆ రోజు పని పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి రుద్దాలి. కడ్డీని తలకిందులుగా పెట్టి నెమ్మదిగా తిప్పుతూ ఆరబెడితే పొర సమంగా వస్తుంది. తర్వాత అరగంట ఆక్సిజన్ బుడగలు పంపాలి. ఆపైన బిళ్ల కింద ఒక్క బుడగ ఇరుక్కున్నా గ్రాఫ్ వంకర. నేను ఒకసారి మూడు వారాలు కారణం తెలియక తిరిగాను. ఆఖరికి కరెంటును తిరిగే కడ్డీకి అందించే కార్బన్ బ్రష్ అరిగిపోయిందని తేలింది. శనగబద్ద చుట్టూ ఇన్ని ఉంటాయండీ.

ఈసారి ఫోన్ చేసినప్పుడు "గ్రాఫ్ వచ్చిందా" అనకుండా "చుక్క సమంగా ఆరిందా అమ్మా" అని అడిగి చూడండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో భాగంగా మార్కెట్లో దొరికే ప్లాటినం-కార్బన్ మీద 0.1 మోలార్ కేఓహెచ్‌లో (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం) ఆక్సిజన్ రిడక్షన్ చేశాను. 5 మి.మీ. డిస్క్, 1600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), లిమిటింగ్ కరెంట్ (ఆ వేగంలో వచ్చే గరిష్ఠ కరెంటు) 1.1 మిల్లీయాంప్. తిరిగే వేగాన్నీ కరెంటునూ కలిపే లెవిచ్ సమీకరణంలో వేస్తే, ఒక్కో ఆక్సిజన్ అణువు తీసుకునే ఎలక్ట్రాన్ల సంఖ్య 1.27 వస్తోంది, 4 దగ్గర రావాలంటున్నారు. పొడి పాడైందా? ఆ సమీకరణంలో ఉండే 0.62 అసలు ఎక్కడిది? సార్‌ని అడగాలంటే భయంగా ఉంది.
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: పొడి బాగుందమ్మా, కొలత కూడా బాగుంది. తప్పు ఒక్క చోటే ఉంది. 0.62 వాడినప్పుడు వేగం సెకనుకు రేడియన్లలో ఉండాలి. 1600ను 2π చేత గుణించి 60తో భాగిస్తే 167.6. నువ్వు 1600 నేరుగా వేశావు. ఆర్‌పీఎం వేయాలంటే 0.62 బదులు 0.201 తీసుకోవాలి. రెంటికీ తేడా 3.09 రెట్లు. నీ 1.27ను దాంతో గుణించు, 3.92. నేను విడిగా కూడా లెక్కేశాను: ఆక్సిజన్ గాఢత 1.2 మిల్లీమోలార్, వ్యాపన గుణకం సెకనుకు 1.9×10⁻⁵ చ.సెం.మీ., స్నిగ్ధత 0.01 తీసుకుంటే నాలుగు ఎలక్ట్రాన్లకు చదరపు సెంటీమీటరుకు 5.7 మిల్లీయాంప్ రావాలి. నీ డిస్క్ వైశాల్యం 0.196, అంటే నీకు 5.6 వచ్చింది. మొదటి ప్రాజెక్టులో ఇలాంటి కొలత రావడం తేలిక కాదు.

0.62 ఎవరో కొలిచిపెట్టిన సంఖ్య కాదు, ప్రవాహ గణితంలోంచి పుట్టింది. అంతులేని పళ్లెం ద్రవంలో తిరిగితే ప్రవాహం ఎలా ఉంటుందో 1921లో వాన్ కార్మన్ లెక్కగట్టాడు. 1934లో కాక్రన్ ఆ లెక్కను సవరించి ఇంకా కచ్చితం చేశాడు. అందులో 0.510 అనే గుణకం ఉంటుంది. దాన్ని తీసుకుని, కరిగిన పదార్థం పళ్లేన్ని చేరే వేగాన్ని 1942లో లెవిచ్ సాధించాడు. 0.510 నుంచే 0.620 వస్తుంది, ఓపికుంటే ఒక సాయంత్రం కూర్చుని రాబట్టు. భౌతిక శాస్త్రవేత్త లాండౌ శిష్యుడైన లెవిచ్‌కు అప్పటికి పాతికేళ్లు, బయట యుద్ధం జరుగుతోంది. ఆ సమీకరణం ఇవాళ నీ నోటుపుస్తకంలో ఉంది.

ఇంకో సంగతి. ఒక్క వేగంతో ఆగిపోకు. 400, 900, 1600, 2500 పెట్టి కొలువు. అందరూ ఇవే ఎందుకు వాడతారో తెలుసా? వాటి వర్గమూలాలు 20, 30, 40, 50. కాలిక్యులేటర్ లేని రోజుల్లో ఎంత సుఖమో! కరెంటుకూ ఆ వర్గమూలానికీ గీత గీస్తే అది సున్నా గుండా పోవాలి. పోకపోతే పొడి మీద అనుమానం పెట్టుకునే ముందు బిళ్ల కిందికి తొంగిచూడు.

సార్‌ని అడుగు. ఈ రేడియన్ల తప్పు నేనూ చేశాను, నా విద్యార్థుల్లోనూ చాలామంది చేశారు.

ప్రశ్న: ఇనుము, నైట్రోజన్ కలిపిన కార్బన్ పొడిని 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో పరీక్షిస్తున్నాను. సైకిల్స్ (వోల్టేజీని పదేపదే పైకీ కిందికీ మార్చడం) నడిపేకొద్దీ మెరుగవుతోంది. నాలుగు రోజుల్లో ప్లాటినం గ్రాఫుకు బాగా దగ్గరికొచ్చింది. కౌంటర్ ఎలక్ట్రోడ్‌గా (బిళ్లతో కలిసి కరెంటు దారిని పూర్తిచేసే రెండో ఎలక్ట్రోడ్) ప్లాటినం తీగ వాడుతున్నాను. పేపర్ రాయొచ్చా?
– రీసెర్చ్ స్కాలర్, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే వద్దు బాబూ. ఉత్తరంలో ఆఖరి వాక్యం ముందు ఆ తీగ గురించి రాయడం మంచిదైంది, లేకపోతే నేను కూడా మీతోపాటు సంతోషించేదాన్ని.

నేను స్కాలర్‌గా ఉన్నప్పుడు నాకూ ఇదే జరిగింది. రోజురోజుకూ గ్రాఫ్ కుడివైపు జరుగుతుంటే రాత్రుళ్లు నిద్ర పట్టలేదు, ఇంటికి ఉత్తరం కూడా రాసేశాను. వారం తర్వాత మా గైడ్ ఒక్క మాట అడిగారు: "కౌంటర్ ఏంటి?" ప్లాటినం తీగ అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా బీరువాలోంచి గ్రాఫైట్ కడ్డీ తీసి నా చేతిలో పెట్టారు. కొత్తగా రుద్ది, కొత్త చుక్క వేసి, కొత్త యాసిడ్ పోసి మళ్లీ సైకిల్స్ నడిపాను. గ్రాఫ్ మొదటిరోజు చోటు నుంచి కదల్లేదు.

యాసిడ్‌లో సైకిల్స్ తిరిగేటప్పుడు కౌంటర్ వైపు పొటెన్షియల్ బాగా పైకి పోతుంది. ప్లాటినం అణుమాత్రంగా కరిగి ద్రావణంలోకి వస్తుంది, అక్కడి నుంచి మీ పొడి మీద పేరుకుంటుంది. మైక్రోగ్రాములు చాలు, కంటికి ఆనదు. పైగా బిళ్ల తిరుగుతోంది కదా, ఆక్సిజన్‌ను ఎంత శ్రద్ధగా మోసుకొస్తుందో ఆ ప్లాటినాన్నీ అంతే శ్రద్ధగా మోసుకొస్తుంది.

గ్రాఫైట్ కడ్డీ పెట్టండి, వీలైతే ఫ్రిట్ (సన్నటి రంధ్రాలున్న గాజు అడ్డు) ఉన్న గొట్టంలో విడిగా. రిఫరెన్స్ (పొటెన్షియల్‌ను దేనితో పోల్చి కొలుస్తామో ఆ ఎలక్ట్రోడ్) సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ అయితే క్లోరైడ్ కారకుండా చూసుకోండి. సెల్‌లో ఇంతకుముందు ఎవరైనా ప్లాటినం పని చేసి ఉంటే గాజును గట్టిగా శుభ్రం చేయండి. పాత పొడినే కొత్త చుక్కగా వేసి నాలుగు రోజులు మళ్లీ నడపండి. వీలుంటే రింగ్-డిస్క్ (బిళ్ల చుట్టూ ఇంకో ఎలక్ట్రోడ్ వలయం ఉండేది) మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ శాతం కూడా చూడండి, ఫ్రుమ్‌కిన్, నెక్రాసోవ్ 1959లో ఆ రింగును తెచ్చింది బిళ్ల నుంచి జారిపోయేదాన్ని పట్టడానికే.

గ్రాఫైట్‌తో వచ్చిన గ్రాఫ్ ఎలా ఉన్నా నాకు పంపండి. మొదటిరోజు చోటే ఉన్నా సరే.