చెత్తతో చేసిన బొగ్గు కార్బన్ డయాక్సైడ్‌ని పడుతుందా?

ప్రశ్న: కొబ్బరి చిప్పలు, ప్లాస్టిక్ బాటిళ్ల నుంచి చేసిన కార్బన్ ఫ్యాక్టరీ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తుందట, నిజమేనాండి? మరి మామూలు బొగ్గు ఎందుకు పనికిరాదు?

జవాబు: నిజమేనండి, కాకపోతే మంట పెట్టి కాల్చరు, గాలి తగలకుండా వేడి చేస్తారు, లేకపోతే బూడిదే మిగులుతుంది. అలా వచ్చిన బొగ్గులో రంధ్రాలు తక్కువ, ఉన్నవి కూడా తారుతో మూసుకుపోయి ఉంటాయి, అందుకే పొటాషియం హైడ్రాక్సైడ్ (ఘాటైన క్షారం) కలిపి మళ్లీ 700-800 డిగ్రీల దాకా వేడి చేస్తే అది కార్బన్‌ని లోపల్నుంచి తినేస్తూ సన్నటి రంధ్రాలు చేస్తుంది. అసలు కిటుకంతా సైజులోనే ఉంది. కార్బన్ డయాక్సైడ్ అణువు సుమారు 0.33 నానోమీటర్లు (నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షల వంతు), రంధ్రం 1 నానోమీటర్ లోపు ఉంటే చుట్టూ గోడలన్నీ లాగి గట్టిగా పట్టుకుంటాయి, పెద్ద రంధ్రమైతే మామూలు ప్రెషర్‌లో అంతగా నిలవదు. మంచి శాంపిల్ గ్రాముకి 150-200 మిల్లీగ్రాములు పడుతుంది, అదీ ల్యాబ్‌లో, ప్యూర్ గ్యాస్‌తో. బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంట్ పొగలో కార్బన్ డయాక్సైడ్ ఉండేది 10-15 శాతమే, పైగా వేడి, తేమ, సో బాగా తగ్గిపోతుంది. కెమికల్ బంధం కాదు కాబట్టి కాస్త వేడి చేసినా, వాక్యూమ్ పెట్టినా వదిలేస్తుంది, మళ్లీ వాడుకోవచ్చు, వదిలిన గ్యాస్‌ని మాత్రం భూమి లోపలికో ఎక్కడికో పంపాల్సిందే. నా డౌటల్లా ఆ పొటాషియం హైడ్రాక్సైడ్ మీదే, ఫర్నేస్‌ని కూడా తినేస్తుంది, తర్వాత కడగడానికి బోలెడు నీళ్లు కావాలి, చెత్త ఫ్రీగా దొరికినా ఖర్చంతా అక్కడే.