ఆగితే పీఎస్5 ధర తగ్గుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి పీఎస్5 (టీవీకి తగిలించి ఆటలాడే సోనీ ప్లేస్టేషన్ 5) కొనిస్తానని ఎప్పుడో మాటిచ్చాను. టీవీల్లాగే ఇదీ తగ్గుతుందిలే అని ఆగాను. తగ్గకపోగా పెరిగింది. ఆటల డిస్క్ పెట్టే వీలు లేని మోడల్ ధర తక్కువ కదా, అదే కొందామని మావారు అంటున్నారు. మా ఆడపడుచు డాలస్ నుంచి వస్తోంది, ఆవిడతో తెప్పించుకుంటే చవకా? లేక సెకండ్ హ్యాండ్‌ది చూడమంటారా? మావాడు ఎక్కువగా ఆడేది క్రికెట్, ఫుట్‌బాల్.
- ఒక టీచరు, తణుకు

జవాబు: మీరు ఆగడంలో తప్పేం లేదమ్మా. ఇదివరకు అలాగే తగ్గేవి. అమెరికాలో 2000లో 299 డాలర్లకు వచ్చిన పీఎస్2, 2009 నాటికి 99కి దిగింది. లోపలి చిప్పును చిన్నది చేసేకొద్దీ తయారీ ఖర్చు తగ్గేది, అందులో కొంత మనదాకా వచ్చేది. ఇప్పుడు చిప్పు చిన్నదైనా ఖర్చు అంతగా దిగట్లేదు. దానికితోడు పీఎస్5లో 16 జీబీ మెమరీ ఉంటుంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల మీద పడేసరికి 2025 చివర్లో వాటి రేట్లు ఎగబాకాయి. మన దగ్గర 2021 ఫిబ్రవరిలో 49,990కి వచ్చిన డిస్క్ మోడల్ 2022 నవంబరులోనే 54,990 అయింది. పన్ను వైపు దొరికిన ఊరట పాతది: 2019 జనవరి నుంచి ఇలాంటి గేమ్ కన్సోళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి వచ్చింది. అసలు ధర దిగుతుందని మాత్రం ఎదురుచూడకండి. పండగ ఆఫర్ కోసమైతే కొన్ని వారాలు ఆగొచ్చు.

మీవారి లెక్క దగ్గర నాకు పేచీ ఉంది. డిస్క్ లేనిదాంట్లో, విడిగా డ్రైవ్ కొని తగిలించకపోతే, ఆటలన్నీ సోనీ ఆన్‌లైన్ స్టోర్‌లోనే కొనాలి. పెద్ద ఆట కొత్తగా వచ్చినప్పుడు 4,999 దాకా ఉంటుంది, కొన్నాక అమ్ముకోలేరు. డిస్క్ అయితే ఆడేశాక మూడు వేలకు అమ్మినా మీకు పడేది రెండు వేలే. కొన్ని ఆటలు తిరిగేసరికి ఆ ధర తేడా పూడిపోతుంది. పాత పీఎస్4 డిస్కులు కూడా ఇందులో నడుస్తాయి, స్నేహితులతో మార్చుకోవచ్చు. స్టోర్లో సేల్ పెడతారు, నిజమే. కానీ పిల్లాడు సేల్ దాకా ఆగుతాడా? అది మీకే తెలియాలి.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చు, చూసి తీసుకుంటే. రిపేరు బల్ల మీద కూర్చునేవాణ్ని కాబట్టి చెబుతున్నా, పీఎస్5 ప్రాసెసర్ మీద వేడి లాగడానికి మామూలు పేస్ట్ ఉండదు, లిక్విడ్ మెటల్ (ద్రవంగా ఉండే లోహం) ఉంటుంది. తెలియనివాళ్లు విప్పితే అది పక్కకు కారి బోర్డు పోవచ్చు. సీలు చిరిగి ఉంటే ఎవరు విప్పారో, ఎందుకు విప్పారో అడగండి. జవాబు నసిగితే వదిలేయండి. అరగంట ఆడించి చూడండి. కంట్రోలర్ మీది స్టిక్కు వదిలేసినా తెరమీది బొమ్మ తనంతట తాను జరుగుతోందంటే కంట్రోలర్ పోయినట్టే. అమ్మేవాళ్ల అకౌంట్ తీయించి, మీ ఎదుటే రీసెట్ చేయించి, మీ అకౌంట్‌తో లాగిన్ అయ్యాకే డబ్బివ్వండి. బడ్జెట్ మరీ బిగుతైతే దీని ముందు తరం పీఎస్4 కూడా చూడండి. క్రికెట్ 24, ఫుట్‌బాల్ ఆట ఎఫ్‌సీ 26 రెండూ దాని మీద వచ్చాయి.

డాలస్ సంగతి. అక్కడ కూడా 2025 ఆగస్టులో 50 డాలర్లు పెంచి డిస్క్ మోడల్‌ను 549.99 చేశారు. దాని మీద టెక్సాస్ సేల్స్ ట్యాక్స్, ఇక్కడ కస్టమ్స్ బెంగ. పాడైతే వారంటీ అక్కడే. అంత మోసుకొచ్చి మిగిలేదేమీ లేదు. ఆడపడుచుగారిని డిస్కులు తెమ్మనండి. పాత ఆటలు అక్కడ పది ఇరవై డాలర్లకే దొరుకుతాయి, పీఎస్5 డిస్కులకు దేశాల అడ్డు లేదు. ఒక్కటే చిక్కు, ఆ ఆటకు అదనపు భాగాలు ఇక్కడి అకౌంట్‌తో కొంటే అక్కడి డిస్కుతో పనిచేయకపోవచ్చు.